ఇంట్లో పిల్లలకు బీజగణితం: అల్ ఖ్వారిజ్మీ చూపిన బాట

పిల్లలు ఆరు, ఏడు తరగతుల ఈడుకు వచ్చేసరికి లెక్కల పుస్తకంలో ఒక కొత్త అతిథి ప్రవేశిస్తుంది. అంతవరకు అంకెలు మాత్రమే ఉన్న చోట అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. నిన్నటిదాకా కూడికలు, తీసివేతలు హాయిగా చేసిన పిల్లవాడు ఆ అక్షరాలను చూసి బిక్కమొహం వేస్తాడు. బడికి వెళ్ళే పిల్లల సంగతి ఇలా ఉంటే, ఏవో కారణాల వల్ల ఇంట్లోనే చదువుకుంటున్న పిల్లల పరిస్థితి మరింత కష్టం. బడి దూరమై ఇంటి దగ్గర ఆగిపోయిన ఆడపిల్లలు, హిఫ్జ్ పూర్తిచేసి మళ్ళీ చదువులోకి వస్తున్న పిల్లలు, తల్లిదండ్రులే శ్రద్ధగా కూర్చోబెట్టి చెప్పుకుంటున్న పిల్లలు మన ఇళ్ళల్లో ఉన్నారు. వీళ్ళకు బీజగణితం ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఏది ముందు, ఏది వెనుక? ఈ ప్రశ్న చాలామంది తల్లులను వేధిస్తోంది.

జవాబు కోసం మనం కొత్తగా దుకాణాల చుట్టూ తిరగనవసరం లేదు. దాదాపు పన్నెండు వందల సంవత్సరాల క్రితం ఒక ముస్లిం పండితుడు సరిగ్గా ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నాడు. సామాన్యులకు ఉపయోగపడే విధంగా ఈ విద్యను ఒక చిన్న పుస్తకంలో ఎలా పెట్టాలి, ఏది ఉంచాలి, ఏది వదలాలి అని ఆలోచించి ఒక గ్రంథం రాశాడు. ఆ గ్రంథం పేరులోని మాటే నేడు ప్రపంచమంతటా ఈ శాస్త్రానికి పేరైంది. ఆయనే ముహమ్మద్ బిన్ మూసా అల్ ఖ్వారిజ్మీ. ఆయన జీవితాన్ని, ఆయన పుస్తకం కూర్చిన తీరును తెలుసుకుంటే మన పిల్లల కోసం పుస్తకం ఎంచుకోవడం ఎలాగో మనకే బోధపడుతుంది.

బాగ్దాద్‌లో ఒక పండితుడు

అల్ ఖ్వారిజ్మీ క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించాడు. ఖ్వారిజ్మ్ అనేది అరల్ సముద్రానికి దక్షిణాన, అము దర్యా నది దిగువన ఉన్న ప్రాంతం. అది నేటి ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ దేశాల్లోకి వస్తుంది. ఆ ప్రాంతపు పేరే ఆయన పేరులో చేరింది. అయితే ఆయన విద్యా జీవితమంతా గడిచింది బాగ్దాద్ నగరంలో.

ఆ కాలాన్ని ఒకసారి ఊహించుకోండి. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ 762లో టైగ్రిస్ నది ఒడ్డున బాగ్దాద్ నగర నిర్మాణం మొదలుపెట్టాడు. అల్ ఖ్వారిజ్మీ పెద్దవాడయ్యేసరికి అది ప్రపంచంలోని మహానగరాల్లో ఒకటైంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) 767లో కన్నుమూసింది ఆ నగరంలోనే. ఇమామ్ షాఫయీ (రహ్మలై) అక్కడ కొంతకాలం బోధించారు. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) ఆ నగరం బిడ్డే. ఒక వీధిలో హదీసు, ఫిఖ్హ్ పాఠాలు జరుగుతుంటే మరో వీధిలో గ్రీకు, పారశీక, భారతీయ గ్రంథాలు అరబ్బీలోకి వస్తున్నాయి. అంగళ్ళలో కాగితం అమ్మకం, పుస్తకాల నకళ్ళు రాయడం ఒక వృత్తిగా నిలబడుతున్నాయి.

హారూన్ రషీద్ కుమారుడు మామూన్ 813 నుంచి 833 వరకు ఖలీఫాగా ఉన్నాడు. బైతుల్ హిక్మా అనే గ్రంథాలయంలో పండితులను పోగుచేసి ఆదరించినవాడు ఆయన. అల్ ఖ్వారిజ్మీ ఆ గ్రంథాలయాన్ని ఆశ్రయించుకొని పనిచేశాడు. మామూన్‌ను మనం గుడ్డిగా పొగడనవసరం లేదు. తన చివరి రోజుల్లో విశ్వాసానికి సంబంధించిన ఒక వివాదంలో ఉలమాలను పరీక్షకు గురిచేసి ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మలై) లాంటి వారికి కష్టాలు తెచ్చింది కూడా ఆయనే. మంచి పని చేసినప్పుడు మంచి అనాలి, తప్పు చేసినప్పుడు తప్పు అనాలి. విద్యను ఆదరించడం మాత్రం ఆయన చేసిన మంచి పని.

భారతదేశం నుంచి వచ్చిన లెక్కలు

మామూన్ కంటే ముందే, ఖలీఫా మన్సూర్ కాలంలో, భారతదేశం నుంచి ఒక ఖగోళ గ్రంథం బాగ్దాద్ చేరింది. అరబ్బులు దాన్ని సింద్‌హింద్ అని పిలిచారు. సిద్ధాంతం అనే మాటకు అది వారి ఉచ్చారణ. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన గ్రంథంతో దానికి సంబంధం ఉంది. అల్ ఖ్వారిజ్మీ ఆ భారతీయ పద్ధతిని చదివి, దాని ఆధారంగా గ్రహ గణన పట్టికలు తయారుచేశాడు. అంతేకాదు, సున్నాతో సహా పది గుర్తులతో ఎంత పెద్ద సంఖ్యనైనా రాసే భారతీయ లెక్క విధానాన్ని వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. దాని అరబ్బీ మూలం మిగలలేదు కాని లాటిన్ రూపం మిగిలింది. ఆ లాటిన్ రూపంలో ఆయన పేరు అల్గోరిజ్మీ అని మారింది. నేడు కంప్యూటర్ చదివే ప్రతి విద్యార్థి నోట పలికే అల్గారిథం అనే మాట ఆ పేరు నుంచి పుట్టిందే.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. జ్ఞానం ఎక్కడ నుంచి వచ్చినా ఆయన స్వీకరించాడు. అది ఎవరిదో చెప్పి స్వీకరించాడు. భారతీయుల లెక్కను భారతీయుల లెక్క అనే పరిచయం చేశాడు. ఇతరుల కష్టాన్ని తనదని చెప్పుకోవడం విద్యార్థికి తగదని పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంది?

అలాగే ఆయన భూగోళం మీద కూడా ఒక గ్రంథం రాశాడు. అందులో 2402 స్థలాలకు అక్షాంశ రేఖాంశాలు ఇచ్చాడు. ఆయనకు ఆధారం గ్రీకు పండితుడు టాలెమీ గ్రంథం. టాలెమీ మధ్యధరా సముద్రం పొడవును అరవైకి పైగా డిగ్రీలుగా లెక్కగట్టాడు. అది చాలా ఎక్కువ. అల్ ఖ్వారిజ్మీ దాన్ని దాదాపు 50 డిగ్రీలకు తగ్గించి సరిచేశాడు. సరిచేశాడే గాని టాలెమీని ఎగతాళి చేయలేదు.

ఒక పుస్తకం, దాని ఉద్దేశ్యం

ఇక అసలు విషయానికి వద్దాం. మామూన్ ప్రోత్సాహంతో అల్ ఖ్వారిజ్మీ జబ్ర్, ముఖాబలా లెక్కల మీద ఒక సంక్షిప్త గ్రంథం రాశాడు. అల్లాహ్‌ను స్తుతించి, మహాప్రవక్త ముహమ్మద్ (స)పై దరూద్ పలికి ఆయన పుస్తకం మొదలుపెట్టాడు. ముందుమాటలో పండితులను మూడు రకాలుగా విభజించాడు. ఇంతకుముందు ఎవరికీ తెలియని దాన్ని కనుగొనేవాడు ఒకడు. పూర్వులు కఠినంగా వదిలిపెట్టిన దాన్ని విడమరచి సులభం చేసేవాడు రెండోవాడు. ఒక పుస్తకంలో పొరపాటు కనిపిస్తే, రాసినవాని మీద చెడు తలంపు లేకుండా, తాను సరిచేశానన్న గర్వం లేకుండా దిద్దేవాడు మూడోవాడు. పిల్లలకు చదువు చెప్పే ప్రతి తల్లీ తండ్రీ ఈ మూడో మాటను మనసులో ఉంచుకోవాలి. పిల్లవాడి లెక్క తప్పినప్పుడు లెక్కను దిద్దాలి గాని పిల్లవాణ్ణి చిన్నబుచ్చకూడదు.

తరువాత ఆయన తన పుస్తకం ఎందుకో చెప్పాడు. లెక్కల్లో అతి తేలికైనది, అతి ఉపయోగకరమైనది మాత్రమే ఇందులో పెడుతున్నానని వివరించాడు. వారసత్వం, వసీయత్, ఆస్తి పంపకం, వ్యాజ్యాలు, వర్తకం, భూముల కొలత, కాలువల తవ్వకం... ఇవీ ఆయన దృష్టిలో ఉన్న అవసరాలు. అంటే ఆయన ముందు ఖాజీ ఉన్నాడు, వర్తకుడు ఉన్నాడు, రైతు ఉన్నాడు, వారసుల కోసం ఎదురుచూసే వితంతువు ఉంది. తన మేధస్సును చాటుకోవాలనుకుంటే ఆయన ఇంకా ఎంతో పెట్టగలిగేవాడు. కాని పెట్టలేదు.

బీజగణితాన్ని ఆయనే పుట్టించాడని కొందరు అంటుంటారు. న్యాయంగా చెప్పాలంటే తెలియని సంఖ్యను కనుగొనే లెక్కలు ఆయనకు ముందే బాబిలోన్‌లో, గ్రీకుల్లో, మన దేశంలో ఉన్నాయి. ఆయన చేసింది ఏమిటంటే, చెల్లాచెదురుగా ఉన్న ఆ ఉపాయాలను ఒక క్రమంలో పెట్టి, ఇన్ని రకాలే ఉన్నాయని తేల్చి, ప్రతిదానికీ కారణం చూపి, దాన్ని స్వతంత్ర విద్యగా నిలబెట్టడం. ఈ ఘనత చిన్నది కాదు.

పేరులోనే ఉన్న పాఠం

జబ్ర్ అంటే విరిగినదాన్ని అతికించడం, లోటును పూడ్చడం. ఎముక విరిగితే కట్టు కట్టి సరిచేయడానికి కూడా అరబ్బీలో ఆ మాటే వాడతారు. ముఖాబలా అంటే ఎదురెదురుగా పెట్టి సరిచూడడం. ఆయన ఇచ్చిన ఒక లెక్కతోనే దీన్ని చూద్దాం.

పదిని రెండు భాగాలు చేయాలి. ఒక భాగాన్ని దానితోనే హెచ్చవేస్తే వచ్చేది, రెండు భాగాలను ఒకదానితో ఒకటి హెచ్చవేస్తే వచ్చేదానికి నాలుగు రెట్లు కావాలి. ఆ భాగాలేవి? తెలియని భాగానికి ఆయన షయ్ అని పేరు పెట్టాడు. షయ్ అంటే వస్తువు. నేడు మనం ఎక్స్ అంటున్నది అదే. ఒక భాగం వస్తువు అయితే రెండోది పదిలో వస్తువు తక్కువ. లెక్క కడితే ఒక వర్గం, నలభై వస్తువుల్లో నాలుగు వర్గాలు తక్కువైనదానికి సమానమని తేలుతుంది. ఇక్కడ కుడివైపు లోటు ఉంది. ఆ లోటును పూడ్చడానికి రెండు వైపులా నాలుగేసి వర్గాలు కలపాలి. అదే జబ్ర్. ఇప్పుడు ఐదు వర్గాలు నలభై వస్తువులకు సమానం. అంటే ఒక వర్గం ఎనిమిది వస్తువులకు సమానం. కాబట్టి వస్తువు ఎనిమిది, రెండో భాగం రెండు. సరిచూడండి. ఎనిమిది ఎనిమిదుల అరవై నాలుగు. ఎనిమిది రెండ్ల పదహారు. పదహారుకు నాలుగు రెట్లు అరవై నాలుగు. సరిపోయింది.

మీరు గమనించారా? ఈ లెక్కంతా మాటల్లోనే సాగింది. అల్ ఖ్వారిజ్మీ పుస్తకంలో గుర్తులు లేవు. సంఖ్యలను కూడా ఆయన మాటల్లోనే రాశాడు. భారతీయ అంకెల మీద పుస్తకం రాసినవాడే బీజగణితంలో మాటలను ఎంచుకున్నాడు. గుర్తులు తరువాతి శతాబ్దాల్లో వచ్చాయి, అవి పనిని తేలిక చేశాయి. కాని అర్థం మాటల్లో తెలియని పిల్లవాడికి గుర్తు ఒక బొమ్మ మాత్రమే.

పుస్తకం కూర్చిన క్రమం

ఆయన మొదట సంఖ్య అంటే ఏమిటో చెప్పాడు. ఒకట్లు పోగైతే సంఖ్య అవుతుందని, ఒకట్లు, పదులు, వందలు ఎలా పెరుగుతాయో గుర్తుచేశాడు. ఆ తరువాత వర్గం, మూలం, ఉత్త సంఖ్య అనే మూడు రకాల వస్తువులను పరిచయం చేశాడు. మూలానికి ఆయన వాడిన అరబ్బీ మాటకు చెట్టు వేరు అని అర్థం. మన తెలుగులో మూలం అన్నా అదే అర్థం. ఈ మూడింటిని ఒకదానితో ఒకటి సమానం చేస్తే మొత్తం ఆరు రకాల లెక్కలే వస్తాయని చూపాడు. మొదటి మూడు సులభమైనవి, తరువాతి మూడు కొంచెం కష్టమైనవి. ప్రతి రకానికి ఒక సూత్రం, కొన్ని ఉదాహరణలు ఇచ్చాడు.

సూత్రం చెప్పి ఊరుకోలేదు. అది ఎందుకు నిజమో బొమ్మ గీసి చూపాడు. ఆయన ఇచ్చిన ప్రసిద్ధమైన లెక్క ఒకటి చూద్దాం. ఒక వర్గం, దాని మూలాలు పది, కలిసి 39కి సమానం. మూలం ఎంత? ఇంట్లో ఒక కాగితం, కత్తెర తీసుకోండి. ఒక చదరం కత్తిరించండి. దాని భుజం మనకు తెలియదు, అదే మూలం. పది మూలాలను సగం చేసి ఐదు, ఐదుగా రెండు పట్టీలు చేయండి. ప్రతి పట్టీ పొడవు చదరపు భుజమంత, వెడల్పు ఐదు. ఒక పట్టీని చదరం పక్కన, రెండోదాన్ని కింద అంటించండి. ఇప్పుడు ఒక పెద్ద చదరం దాదాపుగా తయారైంది, మూలన ఒక ముక్క మాత్రం తక్కువ. ఆ ముక్క ఐదు ఐదుల ఇరవై ఐదు. ఉన్నది 39, లోటు 25, రెండూ కలిపితే 64. పెద్ద చదరం భుజం ఎనిమిది. అందులో పట్టీ వెడల్పు ఐదు తీసేస్తే మూడు. మూడు మూళ్ళ తొమ్మిది, పది మూళ్ళ ముప్పై, మొత్తం 39.

ఈ లెక్కను బట్టీ పట్టిన పిల్లవాడు పరీక్ష తరువాత మరచిపోతాడు. కాగితం అంటించి చూసిన పిల్లవాడు మరచిపోడు.

ఆ పైన వర్తక లెక్కలు వచ్చాయి. ఇంత సరుకు ఇంత ధర అయితే అంత సరుకు ఎంత అనే లెక్కలు అవి. తరువాత భూమి కొలతలు. అక్కడ వలయం చుట్టుకొలతకు ఆయన మూడు విలువలు ఇచ్చాడు. అడ్డుకొలతకు మూడు రెట్లు, పైన ఏడోవంతు అనేది జనం వాడుకలో ఉన్నదని, అది ఖచ్చితం కాదని నిజాయితీగా చెప్పాడు. మరో రెండు పద్ధతులూ పేర్కొన్నాడు. అందులో ఒకటి అడ్డుకొలత 20,000 అయితే చుట్టుకొలత 62,832 అనేది. ఇది మన దేశంలో ఆర్యభటుడు 499లో ఇచ్చిన విలువే. తెలిసినంత చెప్పడం, ఎంతవరకు సరైనదో కూడా చెప్పడం నిజమైన గురువు లక్షణం.

వారసత్వం: ఆయన హృదయం ఉన్న చోటు

పుస్తకంలో దాదాపు సగభాగం వసీయతులు, వారసత్వాల లెక్కలకే పోయింది. మనం బాగా ఆలోచించవలసింది ఇక్కడే.

దివ్య ఖుర్ఆన్ అన్నిసా సూరాలో 11, 12 ఆయతుల్లోను, ఆ సూరా చివరి ఆయతులోను అల్లాహ్ వారసుల వాటాలను నిర్ణయించాడు. తల్లి, తండ్రి, భర్త, భార్య, కొడుకు, కూతురు... ఎవరికి ఎంతో ఆయనే చెప్పాడు. వాటాకు ముందు అప్పులు తీర్చాలి, వసీయత్ చెల్లించాలి. వసీయత్ మూడోవంతు మించకూడదని మహాప్రవక్త (స) హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు బోధించారు. ఈ ఆదేశాలను అమలుచేయాలంటే భిన్నాలు రావాలి, తెలియని మొత్తాన్ని కనుగొనడం రావాలి. లెక్క రాకపోతే హక్కు హక్కుదారునికి చేరదు.

అల్ ఖ్వారిజ్మీ ఇచ్చిన ఒక లెక్క ఇది. ఒక స్త్రీ మరణించింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. ఆస్తిలో ఎనిమిదోవంతు, ఏడోవంతు కలిపి బయటి వ్యక్తికి వసీయత్ చేసింది. ఎవరికెంత? ఆస్తిని 1120 భాగాలు చేస్తే చిక్కుముడి విడిపోతుంది. వసీయత్ కింద 300 భాగాలు పోతాయి. అది మూడోవంతు లోపే. మిగిలిన 820లో భర్తకు నాలుగోవంతు 205. కొడుకుకు 246. ఒక్కో కూతురికి 123. కలిపి చూడండి, ఒక్క భాగం కూడా ఎక్కువ తక్కువలు లేవు.

మరో లెక్కలో తెలియని వస్తువు అవసరం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక వ్యక్తి మరణించాడు. ఇద్దరు కొడుకులున్నారు. చేతిలో పది దిర్హములున్నాయి. ఒక కొడుకు తండ్రికి పది దిర్హములు బాకీ. ఆస్తిలో మూడోవంతు బయటి వ్యక్తికి వసీయత్. బాకీ ఉన్న కొడుకు వాటాను ఆ బాకీ నుంచే మినహాయించాలి. అయితే ఎంత మినహాయించాలి? అతని వాటా తెలియాలంటే మొత్తం తెలియాలి, మొత్తం తెలియాలంటే అతని వాటా తెలియాలి. మామూలు కూడిక తీసివేతలు ఇక్కడ ఆగిపోతాయి. అల్ ఖ్వారిజ్మీ ఆ వాటాకు వస్తువు అని పేరు పెట్టాడు. మొత్తం ఆస్తి పది, వస్తువు. అందులో మూడోవంతు వసీయత్ పోగా మిగిలింది ఇద్దరికీ సమానం. అంటే ఒక్కొక్కరికి మొత్తంలో మూడోవంతు. కాబట్టి వస్తువు మూడు రెట్లయితే పది, వస్తువు అవుతుంది. రెండు వస్తువులు పది. వస్తువు ఐదు. ఉన్న పదిలో బయటి వ్యక్తికి ఐదు, రెండో కొడుకుకు ఐదు చేతికి వస్తాయి. బాకీ ఉన్నవాడి ఐదు బాకీలో చెల్లిపోతుంది.

బీజగణితం ఎందుకు నాన్నా అని పిల్లవాడు అడిగితే చెప్పవలసిన జవాబు ఇదే.

చివరి రోజులు

మామూన్ తరువాత కూడా అల్ ఖ్వారిజ్మీ జీవించి ఉన్నాడు. చరిత్రకారుడు తబరీ 847 నాటి ఒక సంఘటనలో ఆయన పేరు పేర్కొన్నాడు. ఖలీఫా వాసిఖ్ జబ్బుపడ్డాడు. తన ఆయుష్షు ఎంతో చూడమని గ్రహగతులు తెలిసినవారిని పిలిపించాడు. వారు లెక్కలు వేసి ఇంకా యాభై ఏళ్ళు బతుకుతాడన్నారు. ఖలీఫా పది రోజులు మాత్రమే బతికాడు. ఆ రోజు పిలిచినవారి జాబితాలో అల్ ఖ్వారిజ్మీ పేరూ ఉంది.

ఈ సంఘటనను దాచవలసిన పని లేదు. ఆ కాలంలో ఖగోళ శాస్త్రం, జ్యోతిష్యం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండేవి. ఎంతటి పండితుడైనా మనిషే. పది దిర్హముల పంపకంలో ఒక్క దిర్హము తప్పని లెక్క, మనిషి ఆయుష్షు దగ్గర పనికిరాలేదు. అగోచర జ్ఞానం అల్లాహ్‌ది మాత్రమే. లెక్క ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలుసుకోవడం కూడా విద్యలో భాగమే. దాదాపు 850 ప్రాంతంలో ఆయన కన్నుమూశాడు.

ఆయన పుస్తకం మాత్రం ప్రయాణం ఆపలేదు. ఈజిప్టులో అబూ కామిల్ దాన్ని విస్తరించాడు. ఉమర్ ఖయ్యామ్ మరింత కష్టమైన సమీకరణాలకు దారి చూపాడు. 1145లో స్పెయిన్‌లోని సెగోవియాలో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. ఆ తరువాత యూరపు ఈ విద్యను అల్ జబ్ర్ పేరుతోనే నేర్చుకుంది. 1831లో లండన్‌లో ఇంగ్లీషు అనువాదం అరబ్బీ మూలంతో పాటు అచ్చయింది.

మన పిల్లలకు పుస్తకం ఎంచుకోవడం

ఇప్పుడు మన ఇంటి ప్రశ్నకు వద్దాం. అల్ ఖ్వారిజ్మీ బాటలో నడిస్తే పుస్తకం ఎంచుకునేటప్పుడు ఈ విషయాలు చూడాలి.

మొదటిది, పునాది. ఆయన సంఖ్య నుంచి మొదలుపెట్టాడు. పిల్లవాడికి భిన్నాలు, నిష్పత్తి, శాతాలు సరిగా రాకపోతే వయసు వచ్చిందని బీజగణితం మొదలుపెట్టకండి. రెండు మూడు నెలలు భిన్నాల మీద గడిపితే నష్టం లేదు. రాని భిన్నాలతో ముందుకు పోతే ప్రతి పేజీలో తడబాటే.

రెండోది, భాష. ఆయన తన కాలపు ఖాజీలు, గుమాస్తాలు, వర్తకులు చదివే అరబ్బీలో రాశాడు. మన హైదరాబాద్‌లో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు గణితంతో సహా పై చదువులన్నీ ఉర్దూలో చెప్పడానికి ప్రత్యేకంగా అనువాద శాఖను పెట్టుకున్నారు. పిల్లవాడు ఏ భాషలో ఆలోచిస్తాడో ఆ భాషలో మొదటి పాఠాలు ఉండాలి. తెలుగైనా, ఉర్దూ అయినా, ఇంగ్లీషైనా సరే. తరువాత పరీక్ష భాషలోకి మారడం కష్టం కాదు.

మూడోది, కారణం. పుస్తకం తెరిచి ఏదైనా ఒక సూత్రం దగ్గర ఆగండి. అది ఎందుకు నిజమో బొమ్మతోనో, మాటలతోనో చెప్పిందా? లేక గుర్తుపెట్టుకోమని మాత్రమే చెప్పిందా? రెండో రకం పుస్తకాన్ని అభ్యాసానికి వాడుకోవచ్చు గాని దాన్నే ప్రధాన పుస్తకం చేసుకోకూడదు.

నాలుగోది, క్రమం. తేలిక రకాలు ముందు, కష్టమైనవి తరువాత ఉండాలి. ప్రతి రకానికి ఉదాహరణలు, వచ్చిన జవాబును సరిచూసుకునే అలవాటు ఉండాలి. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన, రంగుల బొమ్మలు ఉన్నంత మాత్రాన పుస్తకం మంచిదైపోదు. ఒక పుస్తకం పట్టుకుంటే పూర్తిచేయించండి. నెలకొకటి మారిస్తే ఏదీ పూర్తికాదు.

ఐదోది, పరీక్ష. ఇంట్లో చదివే పిల్లలు ఏదో ఒకరోజు బోర్డు పరీక్ష రాయవలసి ఉంటుంది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం పదో తరగతి స్థాయి పరీక్షకు కనీస వయసు 14 సంవత్సరాలు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సార్వత్రిక పాఠశాలలున్నాయి. ఏ బోర్డు రాయించదలిచారో ముందే నిర్ణయించుకొని దాని గణిత పాఠ్యాంశాల పట్టికను మీరు ఎంచుకున్న పుస్తకంతో పోల్చి చూడండి. లోటు ఉన్నచోట పూడ్చండి. అదీ ఒక జబ్రే.

ఆరోది, జీవితం. పుస్తకంలో లేకపోయినా మీరు కలపవలసింది ఇది. జకాత్ లెక్క, ఇంటి ఖర్చు, స్థలం కొలత, వారసత్వ వాటా... వీటిని పిల్లల చేత చేయించండి. ఒక చిన్న లెక్క ఇస్తున్నాము. ఒక వ్యక్తి మరణించాడు. తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. దఫన ఖర్చులు, అప్పులు, వసీయత్ పోగా 2,40,000 రూపాయలు మిగిలాయి. భార్యకు ఎనిమిదోవంతు 30,000. మిగిలింది 2,10,000. కూతురి వాటాను వస్తువు అనుకుంటే కొడుకుది రెండు వస్తువులు. మూడు వస్తువులు 2,10,000. వస్తువు 70,000. కూతురికి 70,000, కొడుకుకు 1,40,000. సమీకరణాల మొదటి పాఠానికి ఇది చాలు.

ఈ లెక్కను ముఖ్యంగా మన ఆడపిల్లల చేత చేయించండి. ఎన్నో ఇళ్ళల్లో కూతుళ్ళ వాటా నోటి మాటల్లో కరిగిపోతోంది. పెళ్ళికి ఖర్చుపెట్టాం కదా అని ఒకరు, అన్నదమ్ములతో తగువెందుకని మరొకరు. అల్లాహ్ నిర్ణయించిన వాటాను తగ్గించే అధికారం మనలో ఎవరికీ లేదు. తన వాటా ఎంతో లెక్కగట్టగలిగిన ఆడపిల్ల దాన్ని అడగగలుగుతుంది. చెల్లెలి వాటా ఎంతో చిన్నప్పుడే లెక్కగట్టిన అన్నకు పెద్దయ్యాక దాన్ని దాచుకోవడం అంత తేలిక కాదు. ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఈ లెక్క చేయించండి.

బాగ్దాద్ పండితుడు తన పుస్తకాన్ని అల్లాహ్ స్తుతితో మొదలుపెట్టి వారసుల హక్కుల దాకా తీసుకువెళ్ళాడు. మన పిల్లల పాఠం కూడా బిస్మిల్లాహ్‌తో మొదలై హక్కుదారునికి హక్కు అందించే చోటికి చేరితే, ఆ చదువు ఇహలోకంలోనూ పరలోకంలోనూ పనికి వచ్చే చదువవుతుంది. అల్లాహ్ మనకు, మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! దాన్ని న్యాయంగా ఉపయోగించే భాగ్యాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.